రాత్రి విడిదిలో జనరేటర్: ప్రాణరక్షణ కూడా అమానతే

వర్షాలు తగ్గి చెరువులు నిండుకుండల్లా ఉండే రోజులలో వరంగల్ పరిసరాలకు యాత్రికుల రాక మొదలవుతుంది. నర్సంపేట దాటితే పాకాల, ములుగు దాటితే లక్నవరం. చుట్టూ గుట్టలు, అడవి, నడుమ కాకతీయుల కాలపు తటాకాలు. అర్ధ సంవత్సర సెలవులలో కుటుంబాలు, మదర్సా విద్యార్థుల బృందాలు, మిత్రమండలులు ఈ ప్రాంతాలకు వెళ్ళి, అనుమతి ఉన్న చోట డేరాలు వేసుకుని ఒక రాత్రి గడిపి రావడం నేడు పరిపాటి అయింది. ఊరి వెలుపలి మైదానాలలో జరిగే ఇజ్తెమాలకు, వలీమా విందులకు కూడా రాత్రి విడిది తప్పడం లేదు. కరెంటు స్తంభం లేని ఇటువంటి చోట్లకు వంటపాత్రలతో పాటు వాహనంలో ఎక్కే మరొక వస్తువు జనరేటర్.

దానిని అద్దెకు తెచ్చేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. అద్దె ఎంత? గంటకు పెట్రోలు ఎంత తాగుతుంది? దానిని ఏ నేల మీద, ఎవరికి ఎంత దూరంలో నిలపాలన్న మూడవ ప్రశ్న అడిగేవారు అరుదు. ప్రాణాలు ఆధారపడి ఉన్నది ఆ మూడవ ప్రశ్న మీదనే. మేము ఫిఖ్హ్ పాఠాలు చెప్పేవారమే గాని యంత్ర నిపుణులం కాము. అయితే నిద్రించే మనిషి ప్రాణాన్ని కాపాడే బాధ్యత ఎవరిదన్న విషయం షరీఅత్ పరిధిలోనిదే. అందుకే ఈ విషయాన్ని పాఠక సోదర సోదరీమణుల ముందు కొంత వివరంగా ఉంచదలచాము.

సమతలమైన చోటు డేరాకే దక్కుతుంది

మన ప్రాంతపు నేల స్వభావాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. ఒక చోట ఎర్రని చెల్క, మరొక చోట మొరం, ఇంకొక చోట నల్లరేగడి. మధ్యలో ఎక్కడ పడితే అక్కడ పైకి పొడుచుకు వచ్చిన బండలు. చెరువు కట్ట పక్కన వాలు, అడవి అంచున ఎగుడుదిగుడు. ఇటువంటి చోట విడిది చేసేవారు ముందుగా వెతికేది కాస్త చదునైన జాగా. అది దొరకగానే అక్కడ డేరా లేస్తుంది. ఇది సహజమే. వాలు మీద ఎవరూ పడుకోలేరు.

ఆ తరువాత జనరేటర్ వంతు వస్తుంది. దానికీ చదునైన నేల కావాలి. చుట్టుపక్కల చదునుగా ఉన్నది డేరా వేసిన జాగా ఒక్కటే. కాబట్టి యంత్రం కూడా డేరా గోడను ఆనుకునే చేరుతుంది. దానికి తోడు తీగ పొట్టిగా ఉంటుంది. చినుకులు పడితే దానిని షామియానా కిందికి జరుపుతారు. చప్పుడు ఎక్కువగా ఉందని ఎవరైనా విసుక్కుంటే బండ చాటున ఉన్న గుంతలో దించుతారు. వీటిలో ఏదీ దురుద్దేశంతో చేసిన పని కాదు. ప్రతి అడుగుకూ ఒక సౌకర్యం కారణంగా కనిపిస్తుంది. అయినా ఆ అడుగులన్నీ కలిసి విషవాయువును నిద్రిస్తున్నవారి ముక్కు దగ్గరికి తెచ్చి పెడతాయి.

కనుక నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట మొదటి నియమం ఇది: జనరేటర్ కోసం చదునైన నేలను వెతకరాదు, తయారు చేయాలి. డేరాలకు దూరంగా, గాలి ధారాళంగా ఆడే చోట రెండు అడుగుల మేర పారతో చదును చేసి, ఒక శాబాద్ బండనో, సిమెంటు ఇటుకల వరుసనో పరిస్తే సరిపోతుంది. ఇది పావుగంట పని.

రెండు దుర్ఘటనలు చెప్పే పాఠం

2024 డిసెంబరు 23న కేరళలోని కోళికోడ్ జిల్లా వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపి ఉంచిన ఒక కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు విగతజీవులై కనిపించారు. కారవాన్ అంటే పడకలు, ఏసీ వంటి సదుపాయాలు గల ప్రయాణ వాహనం. వారు జనరేటర్ నడుపుతూ, ఏసీ వేసుకుని, తలుపులు మూసుకుని విశ్రమించారు. దొంగతనం జరగలేదు, దాడి జరగలేదు. తరువాత నిపుణులు అదే వాహనంలో జరిపిన పరీక్షలలో జనరేటర్ నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు లోపలికి చేరినట్లు తేలింది.

అంతకు దాదాపు ఐదేళ్ళ ముందు, 2020 జనవరిలో, నేపాల్‌లోని దామన్ అనే కొండ ప్రాంతానికి విహారయాత్రకు వెళ్ళిన కేరళవాసులు ఎనిమిది మంది ఒకే గదిలో మరణించారు. వారిలో నలుగురు పిల్లలు. చలికి తాళలేక గ్యాస్ హీటరు వెలిగించి, తలుపులు బిగించుకుని పడుకున్నారు. అక్కడ యంత్రం వేరు. ప్రాణాలు తీసిన వాయువు మాత్రం ఇదే.

ఈ రెండు సంఘటనలలోనూ మృతులు అజాగ్రత్తపరులని చెప్పడానికి మాకు నోరు రాదు. వాసన లేని, రంగు లేని, కంటికి మంట కలిగించని శత్రువును నిద్రలో ఉన్నవాడు ఎలా గుర్తిస్తాడు? ఇంధనం పూర్తిగా కాలనప్పుడు ఈ వాయువు పుడుతుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. శ్వాస ఆడుతూనే ఉంటుంది, ఛాతీ కదులుతూనే ఉంటుంది. అయినా మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు. గర్భిణులకు, చంటిబిడ్డలకు, వృద్ధులకు, హృద్రోగులకు ప్రమాదం మరింత ఎక్కువ.

వాలు నేల యంత్రానికి చేసే హాని

చేతితో మోసుకెళ్ళగల పెట్రోలు జనరేటర్లలో చాలావాటి అడుగున లోతు తక్కువగా ఉండే ఆయిల్ తొట్టి ఉంటుంది. అందులో పట్టే ఆయిల్ సుమారు అర లీటరు నుండి ముప్పావు లీటరు. ఇంజను తిరుగుతున్నప్పుడు లోపల ఉండే గరిటె వంటి చిన్న భాగం ఆ ఆయిల్‌లో మునిగి లేచి దానిని అన్ని వైపులకూ చిమ్ముతుంది. ఆ చిమ్మిన ఆయిలే లోహ భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా కాపాడుతుంది. యంత్రం ఒక పక్కకు ఒరిగితే ఆయిల్ అంతా ఆ పక్కకే చేరుతుంది. గరిటెకు ఆయిల్ అందదు. కొద్దిసేపటిలోనే ఇంజను వేడెక్కి పట్టివేస్తుంది. లేదా ఆయిల్ పైకి ఎగబాకి ఇంజనులో కాలి తెల్లని పొగగా వెలువడుతుంది.

ఇటువంటి చిన్న ఇంజన్ల సూచన పుస్తకాలలో 20 డిగ్రీలకు మించి వంచి నడపరాదన్న హెచ్చరిక తరచుగా కనిపిస్తుంది. 20 డిగ్రీలు అంటే ఒక మీటరు పొడవుకు సుమారు 36 సెంటీమీటర్ల ఎత్తు తేడా. అది చివరి హద్దు మాత్రమే. అంతవరకు ఒరిగినా ఫర్వాలేదని దాని భావం కాదు. ఆయిల్ కొంత తగ్గి ఉన్న ఇంజనుకు అంతకంటే చాలా తక్కువ వాలు కూడా చేటు చేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆయిల్ ఎంత ఉందో చూపించే పుల్ల, యంత్రం సమంగా నిలిచినప్పుడే నిజం చెబుతుంది. వాలులో ఉంటే తక్కువ ఉన్న ఆయిల్‌ను నిండుగా చూపవచ్చు, నిండుగా ఉన్నదానిని తక్కువగానూ చూపవచ్చు. ఆ తప్పుడు కొలత నమ్మి ఇంకా పోస్తే అదొక నష్టం, పోయకుంటే మరొక నష్టం. అందుచేత ముందు మట్టం సరిచూడాలి, తరువాతే ఆయిల్ చూడాలి.

మట్టం చూడడానికి మేస్త్రీల వద్ద ఉండే రసమట్టం దొరికితే మేలు. దొరకకుంటే వెడల్పాటి పళ్ళెంలో అంచు దాకా నీరు పోసి బండ మీద పెట్టాలి. నీరు ఏ వైపు పొర్లితే ఆ వైపు పల్లమని తెలుస్తుంది. ఊగే రాళ్ళను, చెక్కముక్కలను ఒక కాలు కింద దోపి సరిపెట్టడం ప్రమాదకరం. ఇంజను అదురుకు అవి జారిపోతాయి. ఆ అదురుకే యంత్రం అంగుళం అంగుళం చొప్పున పల్లం వైపు నడుస్తుంది. సాయంత్రం పెట్టిన చోట అర్ధరాత్రికి అది ఉండదు. రబ్బరు కాళ్ళు బండ మీద పూర్తిగా ఆనాలి. వాలు వైపు ఒక ఇటుకను అడ్డుగా నిలపాలి.

కొన్ని జనరేటర్లలో ఆయిల్ తగ్గగానే ఇంజను ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. వాలు నేల మీద ఆయిల్ నిండుగా ఉన్నా అది ఇంజనును ఆపవచ్చు. అప్పుడు ఆ తీగను ఊడదీసి నడిపేవారు ఉన్నారు. అది కావలివానిని కట్టేసి ఇంటి తలుపు తెరిచి ఉంచడం వంటిది. యంత్రం ఆగిందంటే నేల చూడమని అది హెచ్చరిస్తున్నది.

వాలు వల్ల మరొక కీడు ఉంది. పెట్రోలును గాలితో తగు పాళ్ళలో కలిపే కార్బురేటరులో ఇంధనపు మట్టం కూడా వంపుతో మారిపోతుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే అది సరిగా కాలదు, నల్లని పొగ వస్తుంది. సరిగా కాలని ఇంధనం నుండే కార్బన్ మోనాక్సైడ్ అధికంగా పుడుతుందని పైన చెప్పుకున్నాం. అంటే ఒరిగిన జనరేటర్ తనకు తాను చెడడమే గాక మరింత విషాన్ని కక్కుతుంది.

ఇజ్తెమాలకు, పెద్ద విందులకు తెచ్చే డీజిల్ జనరేటర్లు చక్రాల బండి మీద ఉంటాయి. వాటి పొగలో ఈ వాయువు పెట్రోలు యంత్రాల కంటే తక్కువే గాని అసలు లేకపోలేదు. వాటితో వచ్చే పెద్ద ముప్పు బరువు. నల్లరేగడి నేల తడిసిందంటే ఒక పక్క చక్రం కుంగి బండి ఒరుగుతుంది. వాలు వైపు ముఖం పెట్టి నిలిపితే దొర్లుతుంది. కాబట్టి వాలుకు అడ్డంగా నిలిపి, నాలుగు చక్రాలకూ రెండు వైపులా రాళ్ళు గాని దుంగలు గాని పెట్టి, చక్రాల కింద మందపాటి పలకలు పరవాలి. ఆ చుట్టుపక్కల పిల్లలు ఆడకుండా తాడు కట్టాలి.

పొగ ఏ దిక్కుకు పోతుంది?

అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ, జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురు దిక్కుకు ఉండేలా నిలపాలని ప్రజలకు సూచిస్తున్నది. గుడ్డ డేరాకు గోడ లేదు, కిటికీ లేదు. గాలి వచ్చే సందులన్నీ పొగకూ దారులే. కాబట్టి డేరాలకు ఆ దూరం సరిపోతుందని అనుకోకుండా, తీగ ఎంతవరకు వస్తే అంతవరకు దూరం జరపడమే క్షేమం. 15 మీటర్ల మందపాటి తీగ ఖరీదు ఒక ప్రాణం ముందు లెక్కలోనిది కాదు.

గుట్టల మధ్య, చెరువు ఒడ్డున గాలి పగలు ఒక తీరుగా, రాత్రి ఒక తీరుగా వీస్తుంది. పగలు నీటి మీది గాలి ఒడ్డు వైపు వస్తుంది. రాత్రి నేల చల్లబడగానే బరువెక్కిన గాలి గుట్ట మీది నుండి పల్లానికి జారుతుంది. సాయంత్రం గాలి చూసి పెట్టిన జనరేటర్ పొగ అర్ధరాత్రి డేరా వైపు తిరగవచ్చు. అందుచేత వాలు నేలలో డేరా ఎగువన, జనరేటర్ దిగువన ఉండడం మేలు. దిగువ అంటే గుంత కాదు. గుంతలో, బండల నడుమ, పొదల మధ్య గాలి ఆడదు. పొగ అక్కడే సుడి తిరుగుతూ చిక్కబడుతుంది. ఇంజను కూడా తాను విడిచిన పొగనే తిరిగి పీల్చి సరిగా మండదు.

దిగువన పెట్టినప్పుడు వాన నీరు యంత్రం కిందికి రాకుండా ఎగువ వైపు అర్ధచంద్రాకారంలో చిన్న కాలువ తీయాలి. వాన పడితే జనరేటర్ మీద టార్పాలిన్ కప్పరాదు. నాలుగు గుంజలు పాతి, నాలుగు వైపులా తెరిచి ఉండేలా ఎత్తుగా పైకప్పు వేయాలి. అది వీలుకాకుంటే ఇంజను ఆపివేయాలి. ఒక గంట చీకటిలో కూర్చోవడం వల్ల ఎవరికీ నష్టం జరగదు.

ఇదే సూత్రం ఇళ్ళకూ వర్తిస్తుంది. 2023 జూలై 27తో ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ప్రజలు ఇంటి కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అటువంటి వరద రోజులలో కరెంటు లేదని జనరేటర్‌ను వరండాలోకో, మెట్ల కిందికో తెచ్చుకునే ఆలోచన ఎవరికైనా రావచ్చు. తలుపులు, కిటికీలు తెరిచి ఉన్నా సరే, ఇంటి కప్పు కింద జనరేటర్ నడపరాదు.

పెట్రోలు, పొయ్యి, తీగ

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. ఒలికిన చోటు నుండి అది నీటివలె పల్లానికి పారుతుంది. ఆ పల్లంలో బిర్యానీ దేగ్ కింద కట్టెలు మండుతుంటే నిప్పు ఆ ఆవిరి వెంట తిరిగి పెట్రోలు డబ్బా దాకా రాగలదు. కాబట్టి వంట పొయ్యి జనరేటర్‌కు దిగువన ఉండరాదు. పక్కకు, దూరంగా ఉండాలి. పెట్రోలు నిలువ డబ్బా ఈ రెంటికీ దూరంగా, నీడలో ఉండాలి. మంచినీళ్ళ సీసాలో పెట్రోలు ఎన్నడూ పోయరాదు. దాహం వేసిన బిడ్డకు ఆ సీసా చేతికి అందితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

ఇంజను నడుస్తుండగా పెట్రోలు పోయడం మనవద్ద తరచుగా కనిపించే దృశ్యం. దీపాలు ఆరిపోతే వయజ్ మధ్యలో ఆగిపోతుందని, విందు చెడుతుందని తొందర. కాలుతున్న సైలెన్సరు మీద కొంచెం పెట్రోలు ఒలికినా మంట లేస్తుంది. వాలులో ట్యాంకు నిండా పోస్తే మూత సందు నుండి కారుతుంది. కనుక ఇంజను ఆపి, కనీసం పావుగంట చల్లారనిచ్చి, గరాటుతో, అంచుకు రెండు వేళ్ళ వెలితి ఉండేలా పోయాలి. ఇషా నమాజు వేళకు జనరేటర్ ఆపి, అందరూ నమాజు ముగించే లోపు చల్లారిన యంత్రంలో ఇంధనం నింపుకునే ఏర్పాటు చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నమాజుకు బ్యాటరీ లాంతరు వెలుగు చాలు.

తీగ సంగతి కూడా చిన్నది కాదు. మంచు పడిన గడ్డి మీద, టేపు చుట్టిన అతుకులతో తీగ పరచరాదు. వుజూ చేసే చోటుకు దూరంగా, గుంజల మీదుగా ఎత్తున లాగాలి. లీకేజీ కాగానే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ బిగించిన బోర్డు వాడాలి. ఎర్త్ ఏర్పాటు గురించి తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చూపించుకున్న తరువాతే బయలుదేరాలి. రెండు వైపులా పిన్నులు గల తీగతో జనరేటర్ కరెంటును ఇంటి సాకెట్లోకి ఎక్కించే పని పూర్తిగా నిషిద్ధమని భావించాలి. ఆ కరెంటు వీధి లైనులోకి తిరిగి ప్రవహించి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు.

షరీఅత్ ఏమంటున్నది?

విడిది ఎక్కడ చేయాలన్న చిన్న విషయంలో కూడా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) తన సముదాయానికి మార్గం చూపారు. రాత్రివేళ మజిలీ చేసేటప్పుడు దారి మీద దిగవద్దని, అది రాత్రిపూట జంతువులు, విషపురుగులు సంచరించే చోటని ఆయన బోధించినట్లు అబూ హురైరా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. స్థలం ఎన్నుకోవడం ధర్మంలో భాగమని దీని ద్వారా మనకు తెలుస్తున్నది.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా అగ్నికి ఆహుతైంది. ఆ వార్త చేరినప్పుడు ప్రవక్త (స) నిప్పును మానవులకు శత్రువుగా అభివర్ణించి, నిద్రించే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. జనరేటర్ అంటే లోపల నిప్పు మండుతున్న యంత్రమే. మండుతున్న నిప్పును విడిచి నిద్రించరాదన్న ఆదేశం దీనికి ఎందుకు వర్తించదు? మా దృష్టిలో విడిదిలో అందరూ పడుకునే ముందు జనరేటర్ ఆపడం ఈ సున్నతుకు అనుగుణమైన ఆచరణ.

మన ఫుఖహా ఏకగ్రీవంగా అంగీకరించిన సూత్రాలలో ఒకటి, హాని చేయరాదు, హానికి హానితో బదులివ్వరాదు అన్నది. లాభం పొందడం కంటే కీడును తొలగించడం ముందు రావాలన్నది మరొకటి. వెలుగు, ఫ్యాను, ఫోను ఛార్జింగు లాభాలు. నిద్రిస్తున్నవారి శ్వాసలో విషం చేరడం కీడు. రెంటిలో ఏది ముందో వేరే చెప్పనక్కరలేదు. మన చేతులారా మనల్ని వినాశంలో పడవేసుకోవద్దన్న దివ్యఖుర్ఆన్ హెచ్చరిక (అల్ బఖరా సూరా, 195వ ఆయతు) కూడా మన ముందున్నది.

అద్దె వస్తువు విషయంలో ఇజారా నియమాలు స్పష్టంగా ఉన్నాయి. అద్దెకు తీసుకున్నవాని చేతిలో ఆ వస్తువు అమానతు. అతని తప్పు లేకుండా చెడిపోతే అతనిపై పరిహారం లేదు. నిర్లక్ష్యం వల్లనో, హద్దు మీరడం వల్లనో చెడిపోతే పరిహారం అతనిదే. వాలు మీద ఒరగబెట్టి, ఆయిల్ చూడకుండా, హెచ్చరిక తీగ ఊడదీసి నడిపి ఇంజను పాడుచేసినవాడు, ఏమీ ఎరగనట్లు తిరిగి అప్పగిస్తే అతని మెడ మీద హక్కుల్ ఇబాద్ మిగిలి ఉంటుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని ప్రవక్త (స) తెలిపారు. తెలియని యంత్రాన్ని పదిమంది నిద్రించే చోట నడపడానికి పూనుకునేవారు ఆ మాటను గుర్తుంచుకోవాలి.

చప్పుడు గురించి కూడా ఒక మాట. మస్జిదులో ఏతెకాఫ్‌లో ఉన్నప్పుడు కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ పారాయణం చేస్తుంటే, ఒకరినొకరు ఇబ్బంది పెట్టవద్దని ప్రవక్త (స) వారించారు. ఖుర్ఆన్ పారాయణానికే ఈ మర్యాద ఉన్నప్పుడు ఇంజను రొదకు లేదా? మన దేశపు శబ్ద నియంత్రణ నియమాలు కూడా రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు కాలాన్ని రాత్రి వేళగా పరిగణించి, తక్కువ శబ్ద పరిమితిని విధించాయి. అడవి జీవులు కూడా అల్లాహ్ సృష్టిలోనివే.

కడుపులో తిప్పితే భోజనాన్నే అనుమానించవద్దు

ఈ విషవాయువు తొలి లక్షణాలు తలనొప్పి, తల తిరగడం, వికారం, వాంతి, నిస్సత్తువ, మగత. విడిదిలో ఇవి కనిపిస్తే ఎవరైనా ముందుగా బిర్యానీని అనుమానిస్తారు, లేదా ఎండదెబ్బ అనుకుంటారు. నిమ్మకాయ నీళ్ళిచ్చి డేరాలోనే పడుకోబెడతారు. ఆ పడుకోబెట్టడమే ప్రాణాంతకం కావచ్చు. ఒకే డేరాలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినా, బయటికి రాగానే తెరిపిన పడినా అది వాయు ప్రభావమేనని గట్టిగా అనుమానించాలి.

వెంటనే అందరినీ ఆరుబయటికి తీసుకురావాలి. జనరేటర్ ఆపాలి, డేరా తెరలన్నీ ఎత్తాలి. 108కి ఫోన్ చేసి, జనరేటర్ పొగ పీల్చారని స్పష్టంగా చెప్పాలి. కరోనా కాలంలో మనలో చాలామంది కొనుక్కున్న, వేలికి తగిలించే ఆక్సిమీటరును ఇక్కడ నమ్మరాదు. హిమోగ్లోబిన్‌కు అంటుకున్న ఈ వాయువును అది ప్రాణవాయువుగానే లెక్కగట్టి, మనిషి ప్రమాదంలో ఉన్నా సరైన అంకెనే చూపగలదు. మామూలు గాలిలో ఈ వాయువు రక్తం నుండి సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నరలోపే సగానికి తగ్గుతుంది. అందుచేత కాస్త తేరుకున్నారని ఇంటికి తీసుకుపోరాదు. ఆసుపత్రికే తీసుకుపోవాలి.

చలి రాత్రులలో బొగ్గుల కుంపటిని డేరాలోకి తెచ్చుకునేవారికి కూడా ఇదంతా వర్తిస్తుంది. మంట ఆరి ఎర్రగా కనిపించే నిప్పులు పొగ రానంత మాత్రాన నిరపాయం కావు. అవి విడిచేదీ అదే వాయువు.

అసలు జనరేటర్ కావాలా?

ఒక కుటుంబం రాత్రి విడిదికి కావలసిన కరెంటు ఎంతో లెక్క వేసి చూద్దాం. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు ఎనిమిది అంటే 72 వాట్లు. ఫోన్ల ఛార్జింగుకు మరొక 20 వేసుకున్నా వంద దాటదు. ఇళ్ళలో ఇన్వర్టరుకు వాడే 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో సుమారు 1800 వాట్ గంటల శక్తి ఉంటుంది. అందులో సగమే వాడుకుని, ఇన్వర్టరు నష్టం తీసివేసినా ఏడెనిమిది గంటలు వెలుగు ఉంటుంది. పొగ లేదు, రొద లేదు, పెట్రోలు లేదు. ఆ బ్యాటరీకి కూడా సమతల నేల అవసరమే. ఒరిగితే ఆమ్లం ఒలుకుతుంది. ఛార్జింగు లాంతర్లు, సౌర దీపాలు ఇంకా తేలిక.

వంద వాట్ల పనికి రెండు వేల వాట్ల యంత్రాన్ని రాత్రంతా నడపడం దుబారా కిందికి వస్తుంది. దుబారాను దివ్యఖుర్ఆన్ నిషేధించింది. మైకులు, నీటి మోటార్లు, వందలమంది ఉన్న ఇజ్తెమాలకు జనరేటర్ తప్పనిసరి కావచ్చు. అక్కడ దానిని నడపడం తెలిసిన మనిషితో సహా మాట్లాడుకోవాలి.

ఒకరిని బాధ్యునిగా నియమించండి

ముగ్గురు ప్రయాణానికి బయలుదేరితే ఒకరిని అమీరుగా చేసుకోవాలన్నది ప్రవక్త (స) బోధన. ఆ అమీరు విడిది దిగగానే ఒక మనిషికి జనరేటర్ బాధ్యత అప్పగించాలి. నేల చదును, మట్టం, ఆయిల్, దూరం, పొగ గొట్టపు దిక్కు, తీగ: ఈ ఆరింటినీ వెలుగు ఉండగానే, అంటే మగ్రిబ్‌కు ముందే అతడు చూసి అమీరుకు చెప్పాలి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని ప్రతి డేరాలో పెట్టుకోగలిగితే మరీ మంచిది. పడుకునే వేళకు ఇంజను ఆపి, ట్యాంకు కింద ఉండే పెట్రోలు కాక్ మూసి, డేరాలన్నీ ఒకసారి చుట్టి వచ్చి, ఆ తరువాతే అతడు తన పడక చేరాలి.

ఇంటి పెద్దలు, ముఖ్యంగా తల్లులు, ప్రయాణానికి ముందే ఈ ప్రశ్న అడగాలని మా మనవి: “జనరేటర్ ఎక్కడ పెడతారు? ఎవరు చూసుకుంటారు?” మదర్సాల యాజమాన్యాలు విద్యార్థులను విడిదికి పంపేటప్పుడు ఈ రెండు ప్రశ్నలకు సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలి. పిల్లలను మన చేతుల్లో పెట్టి పంపిన తల్లిదండ్రులు నిశ్చింతగా నిద్రపోతున్నారు. వారి నిద్రకు కావలి కాయవలసినవారం మనమే. తవక్కుల్ అంటే ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయడమని ప్రవక్త (స) మనకు నేర్పారు. నేలను చదును చేసి, యంత్రాన్ని దూరం జరిపి, ఇంజను ఆపి, ఆ తరువాత పడక దుఆ చదువుకుందాం. అల్లాహ్ మన కుటుంబాలను, మన విద్యార్థులను తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.